11 ఏళ్ల ఎస్‌యూవీ: ఎయిర్ సస్పెన్షన్ తీసేసి మామూలు స్ప్రింగులు, షాకబ్జార్బర్లు వేయించాలా?

కోదాడ రఘు | ఫిబ్రవరి 8, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. నాది జర్మన్ ఎస్‌యూవీ, డీజిల్, 7 సీటర్. స్టీల్ స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు బెలూన్ల మీద నిలబడే బండి, వాటికి గాలి కొట్టేది చిన్న కంప్రెసర్. ఐదేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. బండి వయసు 11 ఏళ్లు, తిరిగింది 1,18,000 కిలోమీటర్లు. కంపెనీ పేరు రాయను, ఈ వయసుకి ఏ కంపెనీ బండైనా దాదాపు ఇదే కథ అని చదివాను.

మూడు వారాలుగా పొద్దున్నే చూస్తే ముందు ఎడమ చక్రం వైపు బండి ఒరిగి కూర్చుంటోంది. స్టార్ట్ చేశాక కంప్రెసర్ చాలాసేపు మోగి, మెల్లగా లేస్తుంది. మొన్న లేవలేదు. మీటర్‌లో ఎర్ర హెచ్చరిక వచ్చింది. కూకట్‌పల్లి నుంచి షెడ్డుకి టోయింగ్ బండి మీదే పంపాను.

ఒక చోట ముందు రెండు స్ట్రట్‌లు (బెలూన్, షాకబ్జార్బర్ ఒకే ముక్కగా ఉండేవి), కంప్రెసర్ కలిపి 4,80,000 అన్నారు. ఇంకో షెడ్డులో "గాలి గొడవ మొత్తం పీకేసి స్ప్రింగులు వేసేస్తాం, 1,10,000 ఇవ్వండి" అన్నారు. బండి అమ్మే ఉద్దేశం లేదు. మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, బటన్ నొక్కితే బండి కిందికి దిగుతుంది కాబట్టి ఆయన సులువుగా ఎక్కుతారు. నెలకి రెండుసార్లు కోదాడ వెళ్తాం. ఏం చేయమంటారు?

ఆటోనగర్ బాషా | ఫిబ్రవరి 8, రాత్రి 11:05

రఘు సార్, నేను విజయవాడ ఆటోనగర్‌లో 19 ఏళ్లుగా సస్పెన్షన్ పనే చేస్తున్నాను. ముందు ఒక మాట. లీక్ ఎక్కడో చూడకుండా రేటు చెప్పినవాళ్ల దగ్గర, అది నాలుగు లక్షలైనా లక్షైనా, బండి పెట్టకండి.

టేపు తీసుకోండి. రాత్రి బండి ఆపాక చక్రం మధ్య బిందువు నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా నాలుగు వైపులా కొలిచి రాసుకోండి. పొద్దున్నే తలుపు తీయకముందే మళ్లీ కొలవండి. తలుపు తీస్తే కొన్ని బండ్లలో సిస్టమ్ మేలుకుని గాలి సరిచేస్తుంది, అప్పుడు లెక్క తప్పుతుంది. ఒక్క మూలే దిగితే బెలూన్ కానీ దాని పైన ఉన్న గాలి పైపు కానీ అనుమానించాలి. ముందు రెండూ సమానంగా దిగితే బెలూన్లకి గాలి పంచే వాల్వ్ బ్లాక్‌ని చూడాలి.

తర్వాత సోపు నీళ్లు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. బెలూన్ రబ్బరు కింద లోపలికి మడత పడి ఉంటుంది, పగుళ్లు వచ్చేది ఆ మడతలోనే. బండి దిగి ఉన్నప్పుడు కొడితే మడత కనపడదు, బుడగలూ రావు. బండిని హై మోడ్‌లోకి లేపి, మడత విప్పుకున్నాక కొట్టాలి. లేపాక కిందికి దూరకండి సార్, పక్క నుంచే చూడండి. గాలి మీద నిలబడ్డ బండి కింద తల పెట్టకూడదు, స్టాండ్ ఉంటేనే.

ఇంకొకటి, గాలి లేకుండా ఒక్క కిలోమీటర్ కూడా నడపకండి. టోయింగ్‌లో పంపి మంచి పని చేశారు.

నెల్లూరు సుధ | ఫిబ్రవరి 9, ఉదయం 7:40

రఘు గారూ, తీసేయకండి. మాదీ ఇదే తరం బండి. మా అమ్మకి నడుము ఆపరేషన్ అయింది, గాలి సస్పెన్షన్ ఉన్న బండిలో తప్ప ఆవిడ చెన్నై దాకా కూర్చోలేరు. రెండేళ్ల కింద ముందు రెండు వైపులా బయటి కంపెనీ బెలూన్లు వేయించాం, కంప్రెసర్ మార్చాం, దానితో పాటే దాన్ని ఆన్, ఆఫ్ చేసే రిలే కూడా మార్చాం. షోరూమ్ చెప్పిన దాంట్లో సగం కూడా కాలేదు. ఇప్పటికి 31,000 కిలోమీటర్లు తిరిగింది, ఒక్క మిల్లీమీటర్ దిగలేదు.

రిలే మాత్రం మర్చిపోవద్దు. పాత రిలే అతుక్కుపోతే కొత్త కంప్రెసర్ ఆగకుండా తిరిగి కాలిపోతుంది. చిన్న ముక్కే కదా అని వదిలేస్తారు.

డాలస్ శ్రీధర్ | ఫిబ్రవరి 9, ఉదయం 9:15

తమ్ముడూ, నేను మార్చినవాణ్ని. ఇక్కడ పాత పెద్ద ఎస్‌యూవీలకి గాలి తీసేసి కాయిల్ స్ప్రింగులు వేసే కిట్లు రెడీమేడ్‌గా దొరుకుతాయి. నాది మొదటి నుంచీ కొంచెం లీక్ ఉండేది, పట్టించుకోలేదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ అంతా గడ్డకట్టిన ఆ వారంలో బండి నేల మీద కూర్చుంది, ఇక లేవలేదు. కంప్రెసర్ పక్కన గాలిలోని తేమని పీల్చే డ్రయ్యర్ ఉంటుంది, అందులో గింజల్లాంటి మందు ఉంటుంది. లీక్ వల్ల కంప్రెసర్ రోజంతా తిరిగితే ఆ మందు తేమతో నిండిపోతుంది. మిగిలిన నీరు వాల్వుల్లోకి వెళ్లి గడ్డకట్టింది. కరెంటు లేదు, పిల్లలతో ఇంట్లో ఉన్నాం, బండి కదలదు. ఆ టెన్షన్ నేను మర్చిపోలేను.

ఏప్రిల్‌లో కిట్ వేయించాను. అప్పటి నుంచి సస్పెన్షన్ గురించి ఆలోచించలేదు. పోయినవేంటో కూడా చెబుతాను. వెనక ట్రైలర్ తగిలిస్తే తోక దిగుతుంది, ముందు లేస్తుంది, రాత్రి హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి కొడతాయి. గాలి ఉన్నప్పుడు బండి తనంతట తానే సరిచేసుకునేది.

స్ప్రింగు లెక్కలు | ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 1:30

నేను పుణెలో వాహనాల సస్పెన్షన్ డిజైన్‌లో పనిచేస్తున్న తెలుగువాణ్ని. సుధ గారు చెప్పిన సుఖం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాలనిపించింది, ఎందుకంటే తీసేస్తే పోయేది అదే.

బండి స్ప్రింగు మీద ఊగుతుంది. ఎంత మెల్లగా ఊగితే ఒంటికి అంత హాయి. బరువు పడినప్పుడు స్ప్రింగు 25 సెంటీమీటర్లు దిగేంత మెత్తగా ఉంటే సెకనుకి సుమారు ఒక ఊపు వస్తుంది. 11 సెంటీమీటర్లే దిగేంత గట్టిగా ఉంటే సెకనుకి ఒకటిన్నర. మొదటిది ఉయ్యాల, రెండోది మామూలు కారు. స్టీల్ స్ప్రింగుతో ఒకటి దగ్గరికి వెళ్లాలంటే ఇబ్బంది ఉంది. డ్రైవర్ ఒక్కడే ఉన్నప్పుడు బాగుంటుంది, ఏడుగురు ఎక్కి డిక్కీ నింపితే బండి కూలబడుతుంది. అందుకే డిజైన్ చేసేవాళ్లు కొంచెం గట్టి స్ప్రింగే ఎంచుకుంటారు. గాలి స్ప్రింగుకి ఆ బాధ తక్కువ. బరువు పెరిగితే లోపలి ప్రెజర్ పెరుగుతుంది, దానితో గట్టిదనమూ పెరుగుతుంది, ఎత్తు మారదు, ఊపూ పెద్దగా మారదు. ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా ఒకటే నడక.

తీసేయడం కొత్త సంగతీ కాదు. 1957లో కాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్ గాలి సస్పెన్షన్‌తో వచ్చింది. లీకులు భరించలేక చాలామంది యజమానులు ఆ రోజుల్లోనే స్టీల్ స్ప్రింగులు వేయించుకున్నారు. 1998లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో ఎయిర్‌మాటిక్ వచ్చాక ఖరీదైన కార్లలో ఇది మామూలైంది. అప్పటికి కంప్యూటర్ తోడొచ్చింది కానీ, రబ్బరు రబ్బరే.

మీ బండికి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను రఘు గారూ. ఇదే మోడల్‌ని కంపెనీ స్టీల్ స్ప్రింగులతో కూడా అమ్మిందా? అమ్మి ఉంటే, ఆ వేరియంట్‌లోని స్ప్రింగులు, షాకబ్జార్బర్లు, వాటిని పైన బండికి పట్టే టాప్ మౌంట్లు, పూర్తిగా నొక్కుకుపోకుండా ఆపే బంప్ స్టాప్‌లు అన్నీ మీ ఇంజన్ బరువుకి లెక్కగట్టి పరీక్షించినవే. అవి పెడితే నేను భయపడను. అమ్మి ఉండకపోతే చాలా ఆలోచించాలి.

ఆటోనగర్ బాషా | ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 2:10

ఈ సార్ చెప్పిన మాటకి నేనొకటి కలుపుతాను. ఆ 1,10,000 షెడ్డువాళ్లని ఏ స్ప్రింగు వేస్తారో అడగండి. వేరే బండి స్ప్రింగు తెచ్చి, ఎత్తు ఎక్కువైందని గ్యాస్ కటింగ్‌తో ఒక చుట్టు కోసి వేసినవి నా షెడ్డుకి వచ్చాయి. చుట్టు కోస్తే స్ప్రింగు ఎత్తు తగ్గడంతో పాటు ఇంకా గట్టిపడుతుంది. కోసిన చోట వేడికి స్టీలు పదును పోతుంది. కోసిన కొస కింద గిన్నెలో సరిగ్గా కూర్చోదు. ఒక బండిలో ఆ కొస జారి టైరు లోపలి వైపు చీల్చింది. ఆ టైరు ఇప్పటికీ షెడ్డు గోడకి వేలాడదీశాను, అడిగినవాళ్లకి చూపిస్తాను.

షాకబ్జార్బర్లు కూడా కలిపి మార్చాల్సిందే. గాలికి లెక్కగట్టిన షాకు స్టీల్ స్ప్రింగుని ఆపలేదు, గుంత దాటాక బండి మూడుసార్లు ఊగుతుంది.

డిపో బాబాయ్ | ఫిబ్రవరి 9, సాయంత్రం 6:45

నేను ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైర్ అయ్యాను. గరుడ వోల్వో బస్సుల పని చాలా ఏళ్లు చూశాను. బస్సులకీ గాలి బెలూన్లే, లక్షల కిలోమీటర్లు తిరుగుతాయి, మరి కార్లలో ఎందుకింత గోల అని మా అబ్బాయి అడుగుతుంటాడు.

బస్సులో గాలి ఇంజన్‌తో తిరిగే పెద్ద కంప్రెసర్ నుంచి వస్తుంది. బ్రేకులకి ఎలాగూ కావాలి కాబట్టి పెద్ద ట్యాంకులు ఉంటాయి. చిన్న లీక్ ఉన్నా ఆ గాలి సరిపోతుంది, డ్రైవర్‌కి తెలియకపోవచ్చు కూడా. కారులో అరచేతిలో పట్టే ఎలక్ట్రిక్ కంప్రెసర్. అది కాసేపు తిరిగి ఆగేందుకే చేసింది. లీక్‌ని భర్తీ చేయడానికి పదే పదే తిరిగితే వేడెక్కి చస్తుంది. అందుకే ముందు బెలూన్ పోతుంది, దాని వెనకే కంప్రెసర్ పోతుంది. ఎవరైనా కంప్రెసర్ ఒక్కటే మార్చి పంపితే మూడు నెలల్లో మళ్లీ అక్కడికే.

ఇంకా బస్సు బెలూన్ చేతికి అందేలా ఉంటుంది. పొద్దున గాలి ట్యాంకులో చేరిన నీళ్లు వదిలేటప్పుడు కింద టార్చ్ వేసి చూసేవాళ్లం. మడతలో దారాలు కనపడ్డాయంటే ఆ రోజే మార్చేసేవాళ్లం. కారు బెలూన్‌కి పైన ఒక తొడుగు, చక్రం లోపల బురద. మీరు చూసేసరికే పని అయిపోతుంది.

కోదాడ రఘు | ఫిబ్రవరి 12, ఉదయం 8:05

టేపు కొలతలు మూడు రోజులు తీసుకున్నాను. ముందు ఎడమ రాత్రి 42.5 సెంటీమీటర్లు, పొద్దున 37. ముందు కుడి 42.5 నుంచి 41.8. వెనక రెండూ కదల్లేదు.

హై మోడ్‌లో సోపు నీళ్లు కొట్టాను. బాషా గారు చెప్పినట్టే మడత విప్పుకునే దాకా ఏమీ లేదు. విప్పుకోగానే ఎడమ వైపు ఆవగింజలంత బుడగలు వరసగా వచ్చాయి, అర అంగుళం పొడవునా. కుడి వైపు ఒక్క చోట మెల్లగా నురుగు కట్టింది. కంప్రెసర్ నాలుగు నిమిషాలు తిరిగి వేడికి ఆగిపోతోంది. అంటే ముందు రెండూ, కంప్రెసరూ పోయినట్టే కదా? వెనకవి కూడా అదే వయసు.

ఇదే మోడల్‌ని ఇండియాలో స్టీల్ స్ప్రింగులతో కూడా అమ్మారు, కింది వేరియంట్‌లో. ఛాసిస్ నంబర్‌తో పార్ట్ నంబర్లు తీయించాను.

నాన్నగారితో మాట్లాడాను. "బండి కిందికి దిగకపోతే నేనే కొంచెం పైకి ఎక్కుతాలే, దారిలో ఆగిపోకుండా ఉంటే చాలు" అన్నారు. పోయిన దసరాకి నార్కట్‌పల్లి దాటాక ఇలాగే హెచ్చరిక వచ్చి, ఆయన రెండు గంటలు రోడ్డు పక్కన హోటల్ బల్ల మీద కూర్చున్నారు. ఆ మాట ఆయన అనలేదు, నాకే గుర్తొచ్చింది.

హనుమకొండ వకీలు | ఫిబ్రవరి 12, ఉదయం 11:20

కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఆర్‌సీలో సస్పెన్షన్ రకం రాసే గడి లేదు, మీరు వేసేది అదే మోడల్ ఫ్యాక్టరీ పార్టులు. అయినా బిల్లులన్నీ దాచుకోండి, పని మొదలుపెట్టే ముందే ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి, వాళ్ల జవాబు తీసుకోండి. యాక్సిడెంట్ అయ్యాక సర్వేయర్ ముందు చెప్పడం కంటే ఇది మేలు.

నెల్లూరు సుధ | ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 12:50

మీ కొలతలు చూశాక నేను కూడా పట్టుబట్టను రఘు గారూ. మాకు ముందు రెండే పోయాయి, కంప్రెసర్ ఇంకా బతికుండగానే మార్చాం. మీకు వెనకవి కూడా రేపో మాపో. కానీ మా అమ్మ కోసం నేనైతే మళ్లీ గాలే వేయిస్తాను, ఎన్నిసార్లైనా.

స్ప్రింగు లెక్కలు | ఫిబ్రవరి 12, రాత్రి 9:30

పార్టులు తెప్పించే ముందు ఎలక్ట్రానిక్స్ గురించి తేల్చుకోండి, నాకు అసలు భయం అక్కడే. మీ షాకబ్జార్బర్లకి వైరు వెళ్తుందా? వెళ్తే వాటి గట్టిదనాన్ని కంప్యూటర్ మారుస్తోందన్నమాట. మామూలు షాకులు వేశాక ఆ వైర్ల చివర ఏమీ ఉండదు, కంప్యూటర్ ఫాల్ట్ చూపిస్తుంది. కిట్లు అమ్మేవాళ్లు దానికి రెసిస్టర్లు ఇచ్చి కంప్యూటర్‌ని నమ్మిస్తారు. మీకు అది అక్కర్లేదు. స్టీల్ వేరియంట్ ఉంది కాబట్టి, ఈ బండికి గాలి సస్పెన్షన్ లేదు అని కంప్యూటర్‌లో కోడింగ్ మార్చించాలి. మీటర్‌లో బల్బు పీకేసి, ఫ్యూజు తీసేసి పంపితే ఒప్పుకోవద్దు.

చక్రాల దగ్గరున్న ఎత్తు సెన్సార్లని పారేయనివ్వకండి. జినాన్ లైట్లు ఉంటే, బండి ముందు వెనకల వాలు చూసి వెలుగు కిందికీ పైకీ సరిచేసేది ఆ సెన్సార్లే.

ఆటోనగర్ బాషా | ఫిబ్రవరి 12, రాత్రి 10:15

పని చేసేవాళ్లకి రెండు మాటలు చెప్పండి. బండి లేపే ముందు జాక్ మోడ్ పెట్టమనండి, లేకపోతే చక్రం వేలాడగానే సిస్టమ్ గాలి సరిచేయబోతుంది. గాలి పైపు విప్పేముందు మెషిన్‌తో గాలి మొత్తం వదలమనండి, స్పానర్ పెట్టి నట్టు తిప్పి వదలడం కాదు. కింది ఆర్ముల రబ్బరు బుష్ బోల్టులు చక్రాలు వేలాడుతుండగా బిగించకూడదు, బండి బరువు నేల మీద పడ్డాకే ఫైనల్‌గా బిగించాలి. ఇది చేయని షెడ్డులే ఎక్కువ. గాల్లో బిగిస్తే బుష్ ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, ఆరు నెలల్లో చిరుగుతుంది.

కోదాడ రఘు | మార్చి 9, రాత్రి 9:50

పని అయింది. కొంచెం ఆలస్యంగా రాస్తున్నాను, వెయ్యి కిలోమీటర్లు తిరిగి చూశాకే రాయాలనుకున్నాను.

ఇన్సూరెన్స్ వాళ్లు పార్టుల బిల్లులు, ఫోటోలు అడిగారు, ఇచ్చాను, ఈమెయిల్‌లో ఒప్పుకున్నారు. ముందు రెండు స్ట్రట్‌లు, వెనక స్ప్రింగులు, వెనక షాకబ్జార్బర్లు, మౌంట్లు, బంప్ స్టాప్‌లు కలిపి 1,86,000. లేబర్, కోడింగ్, అలైన్‌మెంట్ 31,000. షెడ్డులో రెండు రోజులు నేను అక్కడే కూర్చున్నాను. బుష్ బోల్టుల సంగతి చెబితే కుర్రాడు ఒకసారి నా వైపు చూసి, బండి దించి, పిట్ మీదికి తీసుకెళ్లి బిగించాడు.

మొదటి రాత్రి ఎదురొచ్చే ప్రతి లారీ డిమ్ కొట్టమని లైటు వేసింది. బండి ఎత్తు కొత్తది, సెన్సార్లకి ఆ సంగతి తెలియదు. మర్నాడు మెషిన్ పెట్టి కొత్త ఎత్తునే సున్నాగా గుర్తింపజేశారు, సరిపోయింది. 600 కిలోమీటర్లకి స్ప్రింగులు సర్దుకుని ముందు వైపు 8 మిల్లీమీటర్లు దిగింది. మళ్లీ అలైన్‌మెంట్ చేయించాను. మొదటిరోజే చేయించి వదిలేస్తే టైర్లు లోపలి వైపు తినేసేవి.

నడక సంగతి. ఫ్లైఓవర్ల మీద అతుకులు ఇప్పుడు టక్ టక్ మని సీటుకి తెలుస్తున్నాయి, ఇంతకు ముందు చెవికి మాత్రమే తెలిసేవి. మలుపుల్లో నాకు ఇదే బాగుంది, బండి ఒరగడం తగ్గింది. హైవే మీద 90 దగ్గర ఆ తేలిపోయే నడక పోయింది, అది నిజం, బాధగానే ఉంది. ఏడుగురితో కోదాడ వెళ్తే తోక 3 సెంటీమీటర్లు దిగింది. మా కాలనీ చివర ఉన్న ఎత్తు స్పీడ్ బ్రేకర్ దగ్గర ఇక బండి లేపే బటన్ లేదు, అడ్డంగా పోనిస్తున్నాను.

నాన్నగారి కోసం మా వీధి వడ్రంగి చేత చిన్న టేకు పీట చేయించాను, అడుగున రబ్బరు అతికించి. డిక్కీలో ఉంటుంది. మొదటిసారి నా భుజం పట్టుకుని ఎక్కారు. రెండో ప్రయాణానికి ఆయనే "పీట పట్రా" అన్నారు.

ఒక సంగతి. వెనక రెండు బెలూన్లు బాగానే ఉన్నాయి. కంప్రెసర్, వాల్వ్ బ్లాక్ కూడా ఉన్నాయి. ఎవరికైనా కావాలంటే తక్కువకే ఇస్తాను.

డిపో బాబాయ్ | మార్చి 10, ఉదయం 6:30

నాయనా, ఆ బెలూన్లు ఎవరికీ అమ్మకు. ఈ రోజు పట్టుకున్నా, వాటి వయసు కూడా 11 ఏళ్లే. ఎవరో డబ్బుల్లేక వేయించుకుంటారు, ఏ నల్లమల ఘాట్‌లోనో రాత్రిపూట కూలబడుతుంది. వేడెక్కి ఆగిన కంప్రెసర్ కూడా అంతే.

ఆటోనగర్ బాషా | మార్చి 10, ఉదయం 8:20

బాబాయ్ గారి మాటే నాది. వాల్వ్ బ్లాక్ మాత్రం మంచిదైతే పనికొస్తుంది, అందులో నీళ్లు లేకపోతే. ఒకసారి గాలి పెట్టి, తెల్ల గుడ్డ మీదికి ఊదించి చూడండి సార్.

నెల్లూరు సుధ | మార్చి 10, ఉదయం 10:00

వాల్వ్ బ్లాక్ నాకు కావాలి రఘు గారూ. మాది ఈ మధ్య మార్చాల్సి వస్తుందన్నారు.

కోదాడ రఘు | మార్చి 14, సాయంత్రం 5:40

అమ్మకం మాట వెనక్కి తీసుకుంటున్నాను. బెలూన్లని రబ్బరు దగ్గర కోసి, ఎవరూ మళ్లీ వాడకుండా చేసి, కంప్రెసర్‌తో కలిపి తుక్కుకి వేశాను. వాల్వ్ బ్లాక్‌కి గాలి పెట్టి చూశాను, గుడ్డ పొడిగానే ఉంది. నిన్న నెల్లూరుకి కొరియర్ చేశాను. సుధ గారూ, డబ్బులు వద్దు. అమ్మగారిని ఈసారి చెన్నై తీసుకెళ్లి వచ్చాక ఎలా ఉందో ఇక్కడ రాయండి.